గట్టు మీద పార

స్వర్ణముఖి పొంగి వంతెనను ఎత్తుకుపోయిన వరదకు మరుసటి ఏడు. చలి తగ్గి, ఎండ ముదిరే రోజులు.

మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. ఏటిగడ్డపల్లె బడి వెనక కూరగాయల తోటలో పిల్లలు గట్ల మీద నిలబడి ఉన్నారు. అందరూ బోరు మోటారు వైపే చూస్తున్నారు. కరెంటు ఇంకా రాలేదు.

"ఈ పొద్దు రాకెట్టంట," అన్నాడు గిరి. "శ్రీహరికోట నుంచి. మా నాయన ఫోన్లో సూసినాడు."

"ఈడికి కనపడతాదా?" అని అడిగాడు మునిచంద్ర.

"ఈడికి యాడ కనపడతాది? బడి అడ్డం. వాటర్ ట్యాంకు కాడికి పోవాల. ఆడ్నుంచి బో సక్కగా కనపడతాది."

మునిచంద్ర ఆరో తరగతి. పోయినసారి రాకెట్టు పోయినప్పుడు వాడు జ్వరంతో పడుకున్నాడు. అందరూ చూశారు, వాడొక్కడే చూడలేదు. ఆ కథ గిరి వాడికి చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ రాకెట్టు కొంచెం పెద్దదయ్యేది.

"ఈసారి సూడకపోతే నీ బతుకు వేస్టురా," అన్నాడు గిరి.

అప్పుడే మోటారు గుర్రుమంది. పిల్లలు కేకలు వేశారు. పైపులోంచి నీళ్ళు దూకి కాలవలో పడ్డాయి.

బడులు తెరిచిన కొత్తలో ఈ చోట కాలు పెట్టడానికి వీల్లేదు. వరదకు ప్రహరీ గోడ పడిపోయింది. ఏటి ఒండ్రు వచ్చి మేట వేసింది. ఆ ఒండ్రులో ముళ్ళకంప మనిషెత్తు లేచింది. కంప లేని చోట వయ్యారిభామ తెల్లగా పూసింది. పాము కుబుసం కనపడిందని పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్ళు కాదు.

హెడ్‌మాస్టరు ధనంజయ సారు ఒకరోజు అక్కడ నిలబడి చాలాసేపు చూశాడు.

"కంప ఇంత బాగా పెరిగిందంటే, కూరగాయలు పెరగవా?" అన్నాడు.

ఊళ్ళో అడిగాడు. పనికి పోని రోజుల్లో పెద్దవాళ్ళు గొడ్డళ్ళు, కొడవళ్ళు తీసుకుని వచ్చారు. కంప కొట్టారు, వేళ్ళు తవ్వారు. పిల్లలు రాళ్ళు ఏరారు. ఒండ్రులోంచి ఏవేవో బయటపడ్డాయి. ప్లాస్టిక్ కవర్లు, ఒంటి చెప్పు, సైకిలు చక్రం.

ఒక సొట్టలు పడ్డ స్టీలు గిన్నె కూడా దొరికింది.

"ఇది మా గిన్నె," అంది స్టెల్లా.

అందరూ నవ్వారు. "ఊళ్ళో గిన్నెలన్నీ మీవేనామ్మే?" అన్నాడు గిరి.

 స్టెల్లా గిన్నెను పావడాకు తుడిచి అంచు చూపించింది. అక్కడ సంతోషమ్మ అని చెక్కి ఉంది. సంతోషమ్మ వాళ్ళమ్మ. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. ఏటి పక్కన వాళ్ళ ఇల్లు వరదలో పోయింది.

నవ్వినవాళ్ళు మళ్ళీ రాళ్ళు ఏరడానికి వంగారు.

నేల చదునయ్యాక మునిచంద్ర వాళ్ళ తాత గురప్ప వచ్చాడు. కాలవ తీసి, మళ్ళు కట్టి ఇచ్చాడు. మడికీ కాలవకూ మధ్య గట్టులో చిన్న దోవ ఉంటుంది. దాన్ని మడవ అంటారు. పారతో మట్టి తీస్తే మడవ తెరుచుకుంటుంది. మట్టి వేస్తే మూసుకుంటుంది. ఒక మడి నిండాక దాని మడవ మూసి, పక్క మడి మడవ తెరవాలి.

గురప్ప తాతకు మాటలు తక్కువ. పిల్లలకు ఒక్క సంగతే చెప్పాడు.

"పార ఎవురి చేతిలో ఉంటే నీళ్ళు వాళ్ళవి. మడి నిండినా వాళ్ళదే, గట్టు తెగినా వాళ్ళదే. వంతు అయిపోతే పార కింద పెట్టేది లేదు. పక్కోళ్ళ చేతికియ్యాల. వాళ్ళు పట్టుకున్నాకనే వదలాల."

"కింద పెడితే ఏమవుతాది తాతా?" అని అడిగింది స్టెల్లా.

"నీళ్ళకు దిక్కుండదు."

"అట్ల పెట్టినోళ్ళను ఏం చేస్తారు?"

"మళ్ళా పార ఇయ్యరు," అన్నాడు తాత.

పిల్లలకు ఆ మాట బాగా నచ్చింది. అదే తోట చట్టం అయింది.

చిట్టచివరి మడి స్టెల్లాది. అది నారుమడి. అందులో వంగనారు పోసింది. ఆ విత్తనాలు సంతోషమ్మవి. తెల్లారుజామున నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు చేతికందింది పట్టుకుని బయటపడ్డారు. పెట్టె పోయింది, మంచం పోయింది, కోళ్ళు పోయాయి. విత్తనాల మూట మాత్రం ఆమె కొంగు ముడిలో ఉండిపోయింది. ఆమె ఆ విత్తనాలన్నీ బడి తోటకే ఇచ్చేసింది.

"మాకిప్పుడు పెరడు లేదు కదా సార్. ఈడన్నా మొలవనీ," అంది.

నారు జానెడు లేచింది. రేపు దాన్ని పీకి అన్ని మళ్ళల్లో నాటాలి. అందుకే ఈ రోజు నీళ్ళు కడుతున్నారు. నేల నానితే నారు వేళ్ళు తెగకుండా వస్తుంది.

పార ఒకరి చేతి నుంచి ఒకరికి మారుతూ వచ్చింది. మునిచంద్ర చేతికి వచ్చింది. వాడి మడి చివరి నుంచి రెండోది. వాడి తర్వాత స్టెల్లా.

సారు స్టెల్లాను పిలిచాడు. "నారుమడికి నీళ్ళు దూకుడుగా పోకూడదమ్మా. మడవ కాడ గోనెసంచి పరిచి, సన్నగా వదలాలి. వంటగదిలో ఉంటుంది, తెచ్చుకో."

స్టెల్లా వంటగదికి పరిగెత్తింది. సారుకు ఫోను వస్తే మాట్లాడుతూ ఆఫీసు గదిలోకి పోయాడు.

మునిచంద్ర మడి నిండుతూ ఉంది.

ఉన్నట్టుండి రోడ్డు మీద ఎవరో అరిచారు. "రాకెట్టూ!"

గట్ల మీద ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా లేచారు. వాటర్ ట్యాంకు వైపు పరుగు తీశారు. గిరి వెనక్కి తిరిగి, "రారా మునీ!" అన్నాడు.

మునిచంద్ర వంటగది వైపు చూశాడు. స్టెల్లా ఇంకా రాలేదు. మడి నిండిపోయింది. మడవ మూస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? గబగబా తన మడవ మూశాడు. నారుమడి మడవ తెరిచాడు. పారను స్టెల్లా గట్టు మీద గుచ్చాడు.

'వస్తాది కదా, సూసుకుంటాదిలే' అనుకున్నాడు. పరిగెత్తాడు.

తూర్పున తెల్లటి పొగ గీత లేచింది. దాని కొసన నిప్పు చుక్క ఉంది. చూస్తూ ఉండగానే గీత వంగింది. పిల్లలు ఎగిరారు, ఈలలు వేశారు. మునిచంద్ర గొంతు పోయేలా అరిచాడు.

స్టెల్లా గోనెసంచితో వంటగది బయటకు వచ్చింది. అందరూ పరిగెత్తడం చూసింది. అక్కడే మెట్టు మీద నిలబడి తలెత్తింది. బడి కప్పు మీదుగా పొగ కొస మాత్రం కనిపించింది. పార తన చేతికి రాలేదు కాబట్టి ఆమెకు తొందరేమీ తోచలేదు.

పొగ చెదిరిపోయాక అందరూ వెనక్కి వచ్చారు.

నారుమడి లేదు. అక్కడ ఎర్రటి బురద ఉంది. కాలవ నీళ్ళు మొత్తం ఒక్క దెబ్బన నారు మీద పడ్డాయి. చివరి గట్టు తెగింది. నీళ్ళు నారును తోసుకుంటూ పోయి ముళ్ళకంపలో కలిశాయి. ఇంకా పోతూనే ఉన్నాయి.

సారు పరిగెత్తుకొచ్చి మోటారు ఆపాడు.

 తెగిన చోటు పక్కన, స్టెల్లా మడి గట్టు మీద, పార నిలబడి ఉంది.

అందరూ పారను చూశారు. తర్వాత స్టెల్లాను చూశారు.

"నేను తీసుకోలేదు సార్," అంది స్టెల్లా.

"మరి పార ఈడికి నడిచొచ్చినాదా?" అన్నాడు గిరి. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు.

"నువ్వు నోరు ముయ్‌రా," అన్నాడు సారు. స్టెల్లా వైపు తిరిగాడు. "పార నీ గట్టు మీద ఉంది. నీ మడవ తెరిచి ఉంది. రాకెట్టు చూడాలని ఉంటే చెప్పి ఉండొచ్చు కదమ్మా. మోటారు ఆపేవాళ్ళం."

"నా చేతికి రాలేదు సార్."

మునిచంద్ర రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట చాలు.  వాడు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కాళ్ళకు మడవ మట్టి ఇంకా తడిగానే ఉంది. ఒక పాదాన్ని ఇంకో పాదం వెనక్కి దాచుకున్నాడు.

వాడు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. వాడి బదులు పారే చెప్పింది.

వంటగది వెనక గిన్నెలు తోముతున్న సంతోషమ్మ చేతిలో గరిటెతోనే వచ్చింది. బురదను చూసింది. ఆమె అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు.

"రాకెట్టు సూసేదానికి వదిలేసినావా పాపా?" అంది.

స్టెల్లా అప్పుడు ఏడ్చింది. సారు అన్నప్పుడు ఏడవలేదు. గిరి అన్నప్పుడు కూడా ఏడవలేదు.

"చట్టం అందరికీ ఒకటే," అన్నాడు సారు మెల్లగా. "రేపటి నుంచి స్టెల్లా పార ముట్టకూడదు. రాళ్ళు ఏరే పని చేస్తుంది."

ఆ తోటలో పార కోసం అందరికంటే ముందు వచ్చేది స్టెల్లాయే. ఆ సంగతి అక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

బడి విడిచినా స్టెల్లా ఇంటికి పోలేదు. కంప కిందికి దూరి, బురదలోంచి నారు మొక్కల్ని ఒక్కొక్కటే తీస్తోంది. వాటిని సొట్టల గిన్నెలో పెడుతోంది. చాలావాటికి వేళ్ళు లేవు.

"పొయ్యొస్తామమ్మే, రాకెట్టు స్టెల్లా!" అని గిరి రోడ్డు మీద నుంచి అరిచాడు. మునిచంద్ర వైపు తిరిగి కన్ను కొట్టాడు. "పేరు బాగుండాది కదరా?"

మునిచంద్ర పళ్ళు బయటపెట్టాడు. అది నవ్వు కాదు. కానీ చూసేవాళ్ళకు నవ్వులాగే ఉంటుంది. స్టెల్లా తలెత్తి చూసింది.

ఇంటికి రాగానే వాడు తొట్టి దగ్గర కాళ్ళు కడిగాడు. మళ్ళీ కడిగాడు.

"అన్నా, రాకెట్టు ఎట్లుండె?" అని చెల్లెలు హేమశ్రీ వచ్చింది. "శానా పెద్దదా? సప్పుడు వచ్చిందా?"

మునిచంద్ర గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. కళ్ళు మూసుకుంటే పొగ గీత రాలేదు. బురదలో నిలబడ్డ పార వచ్చింది.

"ఏమో," అన్నాడు.

"ఏమో ఏందిన్నా? సూసినావా లేదా?"

"సూసినాలే. పో."

రాత్రికి రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. వాడికి ఇష్టమైన కూడు. తాత ఎదురుగా కూర్చుని తింటున్నాడు. ఊళ్ళో మాట అప్పటికే ఆయన దాకా వచ్చింది.

"నారుమడి తెగిందంట," అన్నాడు తాత.

"ఊఁ."

"ఆ యమ్మి పార ఇడిసిపెట్టి పోయేది కాదే."

మునిచంద్ర సంగటి ముద్దను ఉసిరికాయంత చేసి, మళ్ళీ కలిపేశాడు.

"నీ తర్వాత వంతు ఆ యమ్మిదే కదా?"

"ఊఁ."

"పార చేతికిచ్చినావు కదా?"

తాత తల ఎత్తలేదు. మామూలుగా అడిగాడు, అంతే. ఆయనకు అనుమానం లేదు. అనుమానం ఉండి ఉంటే వాడికి తేలికగా ఉండేది.

"ఊఁ," అన్నాడు మునిచంద్ర.

"ఇచ్చింటే సరే," అన్నాడు తాత. తన సంగటి తినేసి, చెయ్యి కడుక్కుని లేచాడు.

మునిచంద్ర తన ముద్దను కంచంలోనే వదిలేసి లేచాడు. 

మరుసటి రోజు పొద్దున తాత ఎనుము దగ్గర పేడ తీస్తున్నాడు. మునిచంద్ర బడి సంచి భుజాన వేసుకుని వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు.

"ఇంత పొద్దున్నే యాడికిరా?"

"బడికి." వాడు కదల్లేదు. "తాతా, రాత్రి నువ్వు అడిగినావే. నేను ఇచ్చినానంటి. ఇయ్యలేదు. ఆ యమ్మి గట్టు మీద గుచ్చి పరిగెత్తినా."

తాత చేతిలో గంప కింద పెట్టాడు. మనవడి వైపు చూశాడు. 

"సద్ది తిని పో," అన్నాడు తాత.

"వచ్చి తింటా."

బడి గేటు ఇంకా తెరవలేదు. వరదకు గోడ పడిన వైపు నుంచి లోపలికి పోయాడు. పార రాత్రంతా అక్కడే ఉంది. ఎవరూ ముట్టలేదు. దాని పిడి మంచుకు తడిసి ఉంది.

వాడు పార పెరికాడు. తెగిన చోట మట్టి వేసి, కాళ్ళతో తొక్కాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తొక్కాడు. కొట్టుకుపోయిన మడిని చదును చేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రార్థన గంట వినపడింది. వాడు పోలేదు.

ప్రార్థన అయ్యాక సారు, పిల్లలు తోటలోకి వచ్చారు. అందరి వెనక స్టెల్లా ఉంది. రాళ్ళు ఏరడానికి గంప పట్టుకుంది.

మునిచంద్ర తన మడి దగ్గర, తన మడవ మీద, పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమిరా, ప్రార్థనకు రాలేదే?" అన్నాడు సారు. "నీకు పార ఎవరిచ్చారు?"

"ఎవురూ ఇయ్యలేదు సార్. నిన్నట్నుంచి నా దగ్గరే ఉండాది."

సారుకు అర్థం కాలేదు. "నిన్న స్టెల్లా గట్టు మీద ఉంది కదా?"

"నేనే గుచ్చినా సార్. చేతికియ్యలేదు. ఆ మడవ తెరిచింది కూడా నేనే. రాకెట్టు సూసేదానికి పొయినా."  వాడు స్టెల్లా వైపు చూశాడు. "నీళ్ళు నావి సార్. ఆ యమ్మివి కాదు."

గిరి రెండు అడుగులు వెనక్కి జరిగాడు.

మునిచంద్రకు చెవులు కాలిపోతున్నాయి. అందరి కళ్ళూ వాడి మీదే ఉన్నాయి. నిన్న ఈ కళ్ళన్నీ స్టెల్లా మీద ఉన్నాయి. ఇలాగే కాలి ఉంటాయి ఆమె చెవులు కూడా.

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్టెల్లా దగ్గరికి పోయాడు.

"నేను పార చెప్పింది విన్నానమ్మా. నువ్వు చెప్పింది వినలేదు. నాదీ తప్పే," అన్నాడు.

స్టెల్లా సారు వైపు చూసి తల ఊపింది. తర్వాత మునిచంద్ర ముందుకు వచ్చి నిలబడింది.

"మా అమ్మకు చెప్పు," అంది.

అందరి ముందు చెప్పడం కంటే అది కష్టంగా ఉంది. వంటగది ఎంతో దూరం లేదు.  పార కింద పెట్టబోయి ఆగాడు. దాన్ని తీసుకునే నడిచాడు.

సంతోషమ్మ బియ్యం కడుగుతోంది. వాడు గడప దగ్గర నిలబడి చెప్పాడు. తల వంచుకునే చెప్పాడు. కానీ మొత్తం చెప్పాడు. రాత్రి తాతతో ఊఁ అన్నది కూడా చెప్పాడు. అది ఆమె అడగలేదు.

సంతోషమ్మ చేతులు బియ్యంలోనే ఉండిపోయాయి.

"రాత్రంతా ఆ బిడ్డ నాతో మాట్లాడలేదు," అంది. "నేనూ మాట్లాడలేదు."

ఆమె చేతులు తుడుచుకుని లేచింది. వాడిని దాటుకుని, వాడి వైపు చూడకుండా, తోటలోకి పోయింది. స్టెల్లాను దగ్గరికి తీసుకుంది. ఏమందో ఎవరికీ వినపడలేదు.

సొట్టల గిన్నెలో బతికిన మొక్కలు కొన్నే ఉన్నాయి. అన్ని మళ్ళకూ చాలవు. ఒక్క మడికి సరిపోతాయేమో.

"నాటుతాము," అన్నాడు సారు. "ఇవి కాసి, పండి, విత్తనమైతే మళ్ళీ నారు పోసుకుంటాం. అందాకా సాంబారులో వంకాయ ఉండదు."

స్టెల్లా గోనెసంచి తెచ్చి మడవ దగ్గర పరిచింది. ఆమె, వాళ్ళమ్మ ఇద్దరూ మొక్కలు నాటారు. సారు పోయి మోటారు వేశాడు. నీళ్ళు కాలవలో మెల్లగా కదిలి వచ్చాయి.

మునిచంద్ర పార తీసుకుని వచ్చాడు. ఈ పార మళ్ళీ తన చేతికి ఎప్పుడు వస్తుందో వాడికి తెలియదు. దాని పిడికి అంటిన మట్టిని చొక్కాతో తుడిచాడు. రెండు చేతులతో పట్టుకుని స్టెల్లాకు చాచాడు.

స్టెల్లా వెంటనే తీసుకోలేదు. వాడి ముఖంలోకి చూసింది. నీళ్ళు దగ్గరికి వచ్చేస్తున్నాయి.

వాడు అలాగే నిలబడ్డాడు. ఆమె పిడిని గట్టిగా పట్టుకున్నాకనే చేతులు వదిలాడు.